కిటికీ కింద నిప్పులు

చిన్నప్పుడు నాకు గురక వచ్చేది. ఆడపిల్లకు ఇంత గురకేమిటని ఇంటికొచ్చిన చుట్టాలు నవ్వితే మా అవ్వ వాళ్ళ మీద విరుచుకుపడేది. అవ్వ అంటే మా నాయనను కన్న తల్లి. నేను ఆమె పక్కలోనే పడుకునేదాన్ని కాబట్టి నా గురక సంగతి ఆమెకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. గుర్రుమంటూ గుర్రుమంటూ ఉండి, ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోయేదట. అవ్వ వీపు మీద తట్టేది. మళ్ళీ గుర్రు మొదలయ్యేదట. "నీ ఊపిరికి కావిలి కాసి కాసి నా కండ్లు పోయినాయి పాపా" అనేది పొద్దున లేస్తూనే. నిజానికి ఆమె కళ్ళు నేను పుట్టకముందే మసకబారాయి. ఆ నేరం కూడా నా నెత్తినే వేసింది.

మాది తమిళ సీమలోని కృష్ణగిరి, ఇంట్లో మాట మాత్రం తెలుగు. నాయనకు మామిడికాయల మండీ ఉండేది. తొంభైల మొదట్లో, నేను మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో ఉండగా, జలుబు వస్తే చాలు గొంతు వాచి జ్వరంతో పడిపోయేదాన్ని. నోరు తెరుచుకుని ఊపిరి పీల్చడం అలవాటై, ఎప్పుడు చూసినా ఏదో వింత చూసినట్టు ఉండేదాన్నట. హోసూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి బెంగళూరు నుంచి గొంతు డాక్టరు వచ్చేవాడు. ఆయన నా నోట్లోకి టార్చి వేసి చూసి, గొంతులో రెండు వైపులా ఉన్న టాన్సిల్సూ, ముక్కు వెనకాల ఉన్న కండా రెండూ పెరిగిపోయాయని, వాటి వల్లే నిద్రలో ఊపిరి అడ్డుపడుతోందని, తీసేయాల్సిందేనని చెప్పాడు. అవ్వ నా వైపు గర్వంగా చూసింది. ఊపిరి ఆగుతోందని తను చెబుతూ వచ్చింది నిజమేనని ఒక డాక్టరు ఒప్పుకున్నాడని ఆమె సంతోషం.

చిక్కల్లా వారంతో వచ్చింది. ఆ డాక్టరు ఆపరేషన్లు చేయడానికి వచ్చేది మంగళవారమే.

"మంగళారం దిష్టి తీసేదానికి మంచిది. కోసేదానికి కాదు" అంది అవ్వ.

"డాక్టరు వచ్చే దినమే మనకు మంచి దినం" అన్నాడు నాయన.

నాయనకు అవ్వంటే ప్రాణం. కానీ నలుగురిలో అవ్వంటే సిగ్గు. మండీలో గట్టిగా అరిచి బేరం చేసే మనిషి, హోసూరు పోతే చంకలో పేపరు పెట్టుకుని, గొంతు తగ్గించి, తమిళంలో నడుమ నడుమ ఇంగ్లీషు ముక్కలు కలిపి మాట్లాడేవాడు. అప్పటికే హోసూరంటే ఫ్యాక్టరీలు, ప్యాంటు చొక్కాలు, స్కూటర్లు. ఆ ఊరి ముందు తను పల్లెటూరి వాడిలా కనబడకూడదని ఆయన పట్టుదల. అవ్వేమో వక్కాకు నములుతూ, చెంగు నడుముకు దోపి, బస్సులో ఎక్కిన వాళ్ళందరి ఊరూ పేరూ అడిగే మనిషి. ఆసుపత్రికి నువ్వు రావద్దమ్మా అని ముందురోజే చెప్పాడు. అమ్మ అప్పుడు చంటిబిడ్డతో ఉంది, మా తమ్ముడు పుట్టి ఇంకా నెలలే. కదలడానికి లేదు. "అయితే బిడ్డను ఎవరు పట్టుకుంటారప్పా, నీ పేపరా?" అని అవ్వ బాడుగ కారులో అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది.

మేము బయలుదేరేటప్పుడు వీధి వీధంతా మా గడపలోకి వచ్చింది. ఎవరో నా జడ సవరించారు, ఎవరో బుగ్గ గిల్లారు, ఎంత కళగా ఉందో చూడండే అన్నారు. అవ్వ ఒక్కొక్కరి మొహమూ పట్టి పట్టి చూస్తూ ఉండడం నాకు గుర్తు. అప్పుడే లోపలికి పోయి ఎండుమిరపకాయలూ రాళ్ళుప్పూ చెంగులో ముడేసుకుందని తరవాత తెలిసింది.

ఆసుపత్రిలో మాకిచ్చిన గదిలో రెండు మంచాలు. రెండో మంచం మీద జవళగిరి పక్క అడవి ఊరి నుంచి వచ్చిన పిల్లవాడు, నాలుగేళ్ళు ఉంటాయేమో. వాడికీ నాకు చేసే ఆపరేషనే. తోడు వాళ్ళమ్మ ఒక్కతే. గొర్రెలను వదిలి ఉండడానికి లేదని వాళ్ళాయన దిగబెట్టి పోయాడట. ఆమె కాళ్ళకు చెప్పులు లేవు. గచ్చు నేల మీద అడుగు వేయాలంటే మురికి అవుతుందేమో అన్నట్టు గోడ పక్కనే ఒదిగి నడిచేది. మాట సగం కన్నడం, సగం తెలుగు. అవ్వకు ఆమెతో కలవడానికి ఎంతోసేపు పట్టలేదు. కాసేపటికే ఇద్దరూ గొర్రెల రోగాల గురించి మాట్లాడుకుంటున్నారు. నాయన ఆ మాటలు తనకు వినబడనట్టు వరండాలోకి పోయి కూర్చున్నాడు.

ముందు చిన్నవాడిని తీసుకుపోయారు, తరవాత నన్ను. మత్తు డాక్టరు నా మూతి మీద రబ్బరు మాస్కు పెట్టి, ఊదు పాపా బుడగ ఊదినట్టు ఊదు అన్నాడు. ఆ తరవాత గుర్తున్నది గొంతులో మంట. ముక్కులో గుడ్డ కుక్కి ఉంది. మాట రాదు. మాట్లాడనే కూడదు, ఏం కావాలన్నా చేత్తో చూపించు అన్నారు. ఐస్‌క్రీం ఎంతైనా తినొచ్చు అని డాక్టరే చెప్పాడు. పిల్లలకు ఆపరేషను మీద ఆశ పుట్టించే మాట అది. ఆ మాట బడిలో చెప్పుకోవచ్చనే నేను ఆపరేషనుకు ఒప్పుకున్నాను. తీరా నాయన కప్పు తెచ్చి చెంచా నోటి దగ్గర పెడితే, మింగడం తలుచుకుని మొహం తిప్పేసుకున్నాను.

పక్క మంచం మీద పిల్లవాడికి మెలకువ సరిగ్గా రాలేదు. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా కూత వినబడేది, గాలి పోయే సైకిలు ట్యూబు లాగా. మత్తు డాక్టరు రెండు సార్లు వచ్చి గొట్టం పెట్టి విన్నాడు. గొంతు లోపల కొంచెం వాపు ఉంది, కళ్ళె కూడా ఉంది, చిన్నపిల్లలకు ఊపిరి దారి చాలా సన్నం, జాగ్రత్తగా చూసుకోవాలి అని నర్సుకు చెప్పాడు. గది ఉక్కగా ఉందని వాడి మంచాన్ని కిటికీ కిందికి జరిపించి, వాడిని పక్కకు తిప్పి పడుకోబెట్టారు. గాలి బాగా తగిలితే మంచిదన్నారు. కూతలో ఏ తేడా వచ్చినా పిలువమని ఆ తల్లికి చెప్పారు. ఆమె నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, చెవి వాడి నోటి దగ్గర పెట్టి, అలాగే ఉండిపోయింది. సాయంత్రానికి కూత తగ్గుతూ వచ్చింది. నర్సు వచ్చి చూసి, పరవాలేదు, బాగా అవుతున్నాడు అంది.

ఆ పూట కిటికీ కింది మంచం మీద అందరికీ దృష్టి ఉంది, మా అవ్వకు తప్ప. ఆమె దృష్టి కరిగిపోతున్న ఐస్‌క్రీం కప్పు మీద ఉంది.

"ఐస్‌క్రీం వద్దనిన బిడ్డను నేను యాడా చూడలేదు" అంది. "ఇది దిష్టి కాక ఏమి?"

పొద్దు గుంకే వేళ. మంగళవారం. అవ్వ లెక్కలో అన్నీ కుదిరాయి. ఆసుపత్రి ఎదురుగా టీ అంగడిలో బొగ్గుల పొయ్యి ఉండేది. అవ్వ వెళ్ళి ఒక పాత డబ్బా మూతలో నాలుగు నిప్పులు అడుక్కొచ్చి, వెనక గుమ్మం బయట పెట్టి, లోపలికి వచ్చింది. దిష్టి తీసేటప్పుడు ఎవరితోనూ పలకకూడదు, ఎవరినీ అడగకూడదు. చెంగు ముడి విప్పి, ఉప్పూ మిరపకాయలూ పిడికిట్లో పట్టి, నా చుట్టూ తిప్పింది. "దావలో పోయేవాళ్ళ కన్ను, వీధిలోవాళ్ళ కన్ను, నీ నాయన కన్ను, నా కన్ను" అని నాకు మాత్రం వినబడేటట్టు గొణిగింది. తన కన్ను కూడా కలుపుకోవడం ఆమె ఎప్పుడూ మరిచేది కాదు. నాకు హాయిగా అనిపించింది. పొద్దుటి నుంచి అన్నీ కొత్త చేతులే నా మీద పడ్డాయి. ఇది తెలిసిన చేయి. నేను కళ్ళు మూసుకున్నాను.

గుమ్మం దగ్గర గాలి ఎక్కువగా ఉందని, గాలి తగలని చోటు చూసుకుని, నిప్పుల మూతను ఆసుపత్రి వెనక గోడ వారకు జరిపి అందులో మిరపకాయలు వేసిందట. ఆ గోడకే మా గది కిటికీ. వేసి, వెనక్కి తిరిగి చూడకుండా కాళ్ళు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి పోయింది. దిష్టి తీసిన మనిషి తిరిగి చూడకూడదు కదా. తిరిగి చూసి ఉంటే, పొగ ఎటు పోతోందో ఆ మసక కళ్ళకు కూడా కనబడేది.

నా ముక్కులో గుడ్డ ఉంది కాబట్టి నాకు వాసన తెలియలేదు. కళ్ళు మాత్రం మండాయి. వరండాలో నాయన తుమ్మడం వినబడింది. కిటికీ కింద పిల్లవాడు దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు. తరవాత దగ్గూ లేదు, కూతా లేదు. ఒక క్షణం వాళ్ళమ్మ మొహం తేటపడింది కూడా, కూత పోయిందని. కానీ వాడి పొట్ట ఎగిరెగిరి పడుతోంది, పక్కటెముకల నడుమ చర్మం లోపలికి గుంజుకుపోతోంది, నోట్లోంచి మాత్రం ఏమీ రావడం లేదు, లోపలికి ఏమీ పోవడం లేదు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఆమె అరవలేదు. వాడిని ఎత్తుకుని గుమ్మం వైపు పరుగెత్తింది.

నర్సు ఎదురొచ్చి బిడ్డను లాక్కుని మంచం మీద వేసింది. ఎవరో పరుగున పోయి కారెక్కబోతున్న మత్తు డాక్టరును వెనక్కి పిలిచారు. ఆయన వచ్చీ రాగానే వాడి గడ్డం పైకెత్తి పట్టి, మూతి మీద మాస్కు అదిమి, రబ్బరు సంచి పిసకడం మొదలుపెట్టాడు. సంచి గట్టిగా ఉండిపోయింది. గాలి లోపలికి దిగడం లేదని నాకే అర్థమైంది. ఆయన మొహం మీద చెమట. "లోపలికి, లోపలికి" అన్నాడు. మాస్కు తీయకుండానే, వాడిని అలాగే ఎత్తుకుని అందరూ ఆపరేషను గదిలోకి పోయారు. తలుపు మూసుకుంది.

ఆ తరవాతిది చెప్పాలంటే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.

ఇంకో నర్సు కిటికీ మూయడానికి పోయి కింద మూతను చూసింది. వెనక గుమ్మంలోంచి పోయి దాన్ని పట్టుకొచ్చింది. మిరపకాయలు ఇంకా మాడుతున్నాయి. వాటి మీద నీళ్ళు పోసి, ఆ మూతను చేతిలో పట్టుకుని, నేరుగా పోయి ఆ పిల్లవాడి తల్లి ముందు నిలబడింది. తమిళంలో తిట్టడం మొదలుపెట్టింది. అడవిలోంచి వచ్చి ఆసుపత్రిలో మిరపకాయలు కాలుస్తారా, గొంతు కోసిన బిడ్డ ఊపిరి ఏమవుతుందో తెలియదా, వాడికేమైనా అయితే మళ్ళీ మా పేరే చెబుతారు మీరు, అని. ఆ గదిలో ఇద్దరు బిడ్డలు ఉన్నారు, ఇద్దరికీ మనుషులు ఉన్నారు. కానీ మిరపకాయలు ఎవరు కాల్చి ఉంటారో ఆమె అడగనే లేదు. చెప్పులు లేని కాళ్ళను చూసి తేల్చేసింది.

ఆ తల్లికి తమిళం అంతంత మాత్రం. తిట్లు అర్థం కాలేదో, అయినా పట్టలేదో. ఆమె చూపు మూసిన తలుపు మీదే ఉంది.

అప్పటికి నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మూతను చూశాడు. మిరపకాయలను చూశాడు. మా ఇంట్లో దిష్టి తీసే చేయి ఎవరిదో ఆయనకు ఒకరు చెప్పాలా? ఒక్క మాట చాలు. ఆయన చేతిలోని పేపరును విప్పి, మడిచి, మళ్ళీ విప్పాడు. నేను ఆయన వైపే చూస్తున్నాను. ఆయన పేపరు వైపు చూస్తున్నాడు. నాకు గొంతు లేదు సరే, వేలు ఉంది కదా, పొద్దుటి నుంచి అన్నీ వేలితోనే చూపిస్తున్నాను కదా. ఆ వేలు దుప్పటిలోంచి బయటికి రాలేదు. నాయన ఎటు ఉంటే నేను అటే ఉన్నాను.

అవ్వ తడి కాళ్ళతో లోపలికి వచ్చింది. ఖాళీ మంచం చూసి, "బిడ్డ యాడ?" అంది. నర్సు చేతిలోని మూత చూసింది, కిటికీ చూసింది. ఆమెకు అర్థం కావడం నేను చూశాను. మనిషి ఉన్నచోటనే చిన్నదైపోయింది.

"ఆ మూత నాదమ్మా" అంది నర్సుతో. "ఆ యమ్మను ఏమీ అనొద్దు. కాల్చింది నేను."

"గమ్మునుండమ్మా" అన్నాడు నాయన, పళ్ళ బిగువున.

"యాల గమ్మునుండాల? నేను చేసిందానికి ఇంకొకర్ని తిట్టతా ఉంటే యాల గమ్మునుండాల?"

నర్సు అవ్వ వైపు తిరిగింది. మళ్ళీ మొదటి నుంచి అన్నీ అంది, ఈసారి ఇంకా గట్టిగా. వరండాలో జనం చేరారు. అవ్వ తల వంచుకుని అన్నీ విని, అయ్యాక వెళ్ళి ఆపరేషను గది ముందు నేల మీద, ఆ తల్లి పక్కన చతికిలబడింది. నా మంచం మీద నుంచి వాళ్ళిద్దరి వీపులూ కనబడేవి. నాయన మాత్రం అటు పోలేదు. నా దగ్గరికీ రాలేదు.

ఎంతసేపు అయిందో తెలియదు. లోపల నుంచి ఇనుప గిన్నెల చప్పుడు, ఎవరో గబగబా మాట్లాడే చప్పుడు. పిల్లవాడి ఏడుపు ఎక్కడైనా వినబడుతుందా అని చెవులు రిక్కించుకుని ఉన్నాను. అప్పుడు ఏడుపంత మంచి చప్పుడు ఇంకొకటి లేదు. వినబడలేదు. నాకు భయం వేసింది. వాడు చచ్చిపోతే అది నా వల్లే అవుతుంది, దిష్టి నాకే కదా తీసింది. ఒక్క చెంచా ఐస్‌క్రీం మింగి ఉంటే ఇదంతా జరిగేది కాదని లెక్క కట్టుకున్నాను. కప్పులో నీళ్ళైపోయిన ఆ ఐస్‌క్రీంను తీసుకుని, గొంతు కోసుకుపోతున్నా, అంతా తాగేశాను.

అవ్వ ఏదో అంటోంది. చెవిన పడింది కొంచెమే. "నన్ను నాలుగు తిట్టమ్మా" అంటోంది.

ఆ తల్లి తన చెంగు తీసి ముడి విప్పింది. అందులో ఎండుమిరపకాయలు. ఉప్పు.

"నేనూ తెచ్చినాను అవ్వా. ఈడ నిప్పులు యాడ సిక్కుతాయో తెలీక గమ్మునున్యాను. అంతే."

అవ్వ ఆ మిరపకాయల వైపు చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడడం.

దీపాలు వేశాక తలుపు తెరుచుకుంది. మత్తు డాక్టరు బయటికొచ్చి, ఊపిరి వచ్చింది, భయం లేదు అన్నాడు. ఆయన అలసిపోయి గోడకు ఆనుకుని చెప్పాడు. గొంతు లోపల రెండు చిన్న తలుపులు ఉంటాయట. ఆపరేషనైన పుండు మీద, మత్తు పూర్తిగా దిగక ముందు, ఘాటు తగిలేసరికి అవి బిగుసుకుపోయాయట. తెరుచుకోవడానికి మందిచ్చి, గొట్టం వేసి గాలి పంపాల్సి వచ్చిందట. ఇంకో రెండు నిమిషాలు ఆలస్యమైతే తను ఏమీ చేయగలిగేవాడు కాదన్నాడు. "ఎవరు చేశారీ పని?" అని అడిగాడు. అవ్వ లేవబోయింది. ఆ తల్లి ఆమె భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టి, "పోనీ సామీ, బిడ్డ దక్కినాడు కదా" అంది. డాక్టరు ఇంకేమీ అడగలేదు.

పిల్లవాడిని ఆ రాత్రి ఆపరేషను గదిలోనే ఉంచుకుని, మరునాడు పొద్దున మా గదిలోకి తెచ్చారు. వాడు ఏడుస్తూ వచ్చాడు. వాళ్ళమ్మ మొహంలో వెలుగు చూసి నాకు కూడా ఏడుపొచ్చింది. ఆమె తన మిరపకాయలు అవ్వ చేతికిచ్చి, "కాల్చేది వద్దు, ఉత్తగా తిప్పు చాలు. నీది మంచి చెయ్యి" అంది.

అవ్వ చేయి వెనక్కి తీసుకుంది.

"నా చేత్తో వద్దమ్మా" అంది. "నిన్న ఘాటు వచ్చింది. దిష్టి ఉంటే మిరపకాయలు కాలినా ఘాటు రాదు. ఘాటు వచ్చిందంటే మా పాపకు దిష్టే లేదు. ఏమీ లేనిదానికి ఇంత చేసినాను."

ఆ లెక్క నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా ఊళ్ళలో అందరికీ తెలుసు. ఘాటు రాకపోతే, అబ్బా ఎంత దిష్టి ఉండిందో అని బుగ్గలు నొక్కుకుంటారు. ఆ రోజు ఆ లెక్క ఆమెకు తీర్పులాగా తగిలింది. డాక్టరు మాటలకంటే, నర్సు తిట్లకంటే, ఆమెకు అదే పెద్దది.

తిరిగి కృష్ణగిరికి వచ్చేటప్పుడు కారులో నాయన ముందు సీట్లో కూర్చున్నాడు. ఊరు దాటగానే మొదలుపెట్టాడు. నలుగురిలో మానం తీసినావు, రావద్దంటే వస్తివి, వచ్చినదానివి గమ్మున కూర్చోకపోతివి, అని. అవ్వ నా తల ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ ఉంది. గురుబరపల్లి వచ్చేదాకా ఆయన ఆపలేదు. ఆపాక అవ్వ ఒక్కటే మాటంది.

"మానం తీసింది నేను కాదప్పా."

నాయన వెనక్కి తిరగలేదు. ఆయన చెవులు ఎర్రబడడం నేను చూశాను. ఆ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఆపరేషన్ తరవాత నా గురక పోయింది. చప్పుడు లేకపోయేసరికి అవ్వకు నిద్ర పట్టేది కాదు. ఊపిరి ఉందో లేదో చూసుకోవడానికి నా వీపు మీద చేయి వేసి పడుకునేది. కానీ ఆ చేయి మళ్ళీ ఎప్పుడూ నాకు దిష్టి తీయలేదు. పరీక్షలకు పోయేటప్పుడు, కొత్త బట్టలు కట్టినప్పుడు, నేనే పోయి ఆమె ముందు నిలబడేదాన్ని. "పో పాపా, నీకేమీ లేదు" అనేది. నేను కాలేజీలో ఉండగా ఆమె పోయింది.

నా గురక నా కూతురికి వచ్చింది. అప్పటికి రెండువేలు దాటి చాలా ఏళ్ళైంది. నాకు హోసూరులోనే ఉద్యోగం, హోసూరులోనే కాపురం. ఆసుపత్రులు పెద్దవైపోయాయి, అద్దాల తలుపులు, చల్లటి గదులు. పాపకు అదే ఆపరేషను అన్నారు. ఒకసారి జలుబు ఉందని వాయిదా వేశారు, జలుబుతో మత్తు ఇస్తే ఊపిరికి ప్రమాదమని. రెండోసారి రమ్మన్నప్పుడు నాయన కూడా కృష్ణగిరి నుంచి వచ్చాడు. మండీ మా తమ్ముడికి వదిలేసి చాలా కాలమైంది. మనిషి ఎండిపోయాడు, చెవులు సరిగ్గా వినబడక గట్టిగా మాట్లాడతాడు. భుజం మీద టవలుతో, ఆ అద్దాల గదిలో కుర్చీ అంచున కూర్చున్నాడు.

మత్తు డాక్టరు ఈసారి చిన్న వయసు అమ్మాయి. ఓపికగా ఒక్కొక్కటీ అడిగింది. దగ్గు ఉందా, ఆయాసం వస్తుందా, పళ్ళేమైనా కదులుతున్నాయా, పొద్దుటి నుంచి ఏమైనా తిన్నదా. నేను ఇంగ్లీషులో బదులు చెబుతున్నాను. మెడలో ఆఫీసు కార్డు తీయకుండానే వచ్చాను, తీయాలని కూడా అనుకోలేదు. తరవాత ఆమె తెలుగులోనే, పెద్దాయనకూ అర్థం కావాలని కాబోలు, "మీ ఇంట్లో ఇంతకు ముందు ఏ బిడ్డకైనా ఆపరేషన్లో ఊపిరి ఇబ్బంది వచ్చిందా?" అని అడిగింది.

రాలేదు అని నేను చెప్పేలోపే నాయన లేచి నిలబడ్డాడు.

"మా బిడ్డకు రాలేదమ్మా" అన్నాడు, గది అంతా వినబడేటట్టు. "మా వల్ల ఇంకొకరి బిడ్డకు వచ్చింది. ఈ ఊర్లోనే. మిరపకాయల పొగ. ఆ పొగ మాది. నర్సమ్మ ఆ బిడ్డ తల్లిని తిట్టతా ఉంటే, మాదని చెప్పకుండా నేను..."

పక్క కుర్చీల్లో వాళ్ళు తలలు తిప్పి చూశారు. డాక్టరమ్మాయి ఏమీ అర్థం కాక నా వైపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"గమ్మునుండు నాయనా" అన్నాను. పళ్ళ బిగువున. తరవాత డాక్టరమ్మాయి వైపు తిరిగి నవ్వి, ఆయనకు వయసైంది, ఏమీ అనుకోకండి అని ఇంగ్లీషులో చెప్పాను.

ఆయనకు ఇంగ్లీషు అంత రాదు. కానీ నా మొహం చదవగలడు. నోరు మూసుకుని, టవలు సర్దుకుని, తలుపు తోసుకుని బయటికి పోయాడు.

డాక్టరమ్మాయి తరవాతి ప్రశ్న అడిగింది. నేను బదులు చెప్పాను. పాపను లోపలికి తీసుకుపోయారు. అనుకున్న వేళకే బయటికి తెచ్చారు. మంచం పక్కన కూర్చుని ఊపిరి విన్నాను. సన్నగా, ఏ కూతా లేకుండా, సాఫీగా వస్తోంది. అవ్వ వేసినట్టే వీపు మీద చేయి వేసి చూసుకున్నాను. అంతా బాగానే ఉంది. బాగుందని చెప్పడానికి నాయన పక్కన లేడు.

ఎన్నో ఏళ్ళ తరవాత ఆయన నోట వచ్చిన మాట అది. అవ్వ బతికుండగా రాలేదు, ఆ తల్లి ఎదురుగా రాలేదు. ఎవరో తెలియని అమ్మాయి అడిగితే వచ్చింది. దాన్ని సగంలో నేను ఆపేశాను, ఆయన ఆపినట్టే, ఆయన మాటతోనే.

పాప కళ్ళు తెరిచి తాత ఏడీ అన్నట్టు చేత్తో అడిగింది. నేను లేచి వరండాలోకి పోయాను. ఆయన చివరి కుర్చీలో కూర్చుని, మూసి ఉన్న కిటికీ వైపు చూస్తున్నాడు.

"పాప బాగుండాదా?" అన్నాడు.

"బాగుంది" అన్నాను.

"పక్క మంచం బిడ్డ?"

పక్క మంచం మీద ఎవరైనా ఉన్నారో లేదో నేను చూడనే లేదు. ఆ మాట చెప్పలేక ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన టవలు జరిపి చోటిచ్చాడు.